కడుక్కుని వచ్చిన పాదాలు

పవిత్ర గురువారం వచ్చిందంటే మా ఊళ్లో సబ్బులకు గిరాకీ. ఆ సాయంత్రం పూజలో ఫాదర్ గారు పన్నెండు మంది పాదాలు కడుగుతారు. ఏసు ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగినదానికి గుర్తుగా చేసే పని అది. లెక్క ప్రకారం మురికి కాళ్లే కడగాలి. కానీ మాది సముద్రం ఒడ్డు పల్లె. ఇసుక, ఉప్పు, చేపల పొలుసు ఎప్పుడూ కాళ్లను వదలవు. అలాంటి కాలు తీసుకెళ్లి ఫాదర్ చేతిలో పెట్టడానికి మనసెట్లా ఒప్పుతుంది? అందుకని ఆ పన్నెండు మందీ మధ్యాహ్నం నుంచే పెరట్లో చేరి కొబ్బరి పీచుతోనూ ఇటుక ముక్కతోనూ మడమలు రుద్దుకుంటారు. గోళ్లు తీసుకుంటారు. ఒకాయన కొబ్బరి నూనె కూడా రాసుకొచ్చి, ఫాదర్ చేతిలోంచి కాలు జారి నవ్వులపాలైనాడు. ఇంత చేశాక ఆయన నీళ్లు పోస్తే, కింద పళ్లెంలో పడే నీళ్లు తాగేంత తేటగా ఉంటాయి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ నీళ్లు మురికి కావడం చూడలేదు.

చిల్లర కొట్టు సాయిబు గారికి మా పండుగలు మాకంటే బాగా గుర్తు. సబ్బు చేతిలో పెడుతూ అడుగుతాడు: "ఏమన్నా, ఈ సబ్బు గుడ్డలకా, పూజకా?"

ఆ పన్నెండు మందిలో నేనొకణ్ణి. భక్తి చూసి పెట్టింది కాదు. వెనక కూర్చుంటే ప్రసంగంలో తప్పులు ఎంచుతూ పక్కవాళ్లను చెడగొడతానని, ముందు కూర్చోబెడితే గమ్మున ఉంటానని మా ఉపదేశి వేసిన ఎత్తు అది. ఉపదేశి అంటే ఫాదర్ లేనప్పుడు ప్రార్థన నడిపించే మనిషి, నాకు తమ్ముడి వరస. నేను బడికి పోయింది తక్కువ. వలలు బాగుచేసుకుంటూ జపాల పుస్తకం మీద అక్షరాలు పట్టాను. తర్వాత బజ్జీల పొట్లం కాగితం మొదలు బైబిలు దాకా చేతికి దొరికిందల్లా చదివాను. చదివింది ఎంతో చెప్పలేను కానీ, మరిచిపోయింది మాత్రం తక్కువ. మా ఊరికి నాతో ఉన్న ఇబ్బంది అదే.

ఈ ఏడు ఉపదేశి సంబరంగా మా ఇంటికొచ్చాడు.

"అన్నా, మన పాత ఫాదర్ వస్తుండాడు. ఈ గురువారం పూజ ఆయనదే. నీ కాళ్లు ఆయనే కడిగేది."

"ఏ పాత ఫాదర్?"

"అదేందన్నా, చర్చి కట్టించినాయన! పెద్దాయనైపోయినాడు. కడసారి మన ఊరు చూసుకోవాలని అడిగినాడంట."

చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. మా ఇంటిది నా ముఖం చూసి, ఉపదేశి వైపు తిరిగి అంది: "ఈ ఏడు కాళ్లకు సబ్బు అక్కర్లేదు లేబ్బా. ఈయన నోటికి తెచ్చిపెట్టు, చాలు."

విషయం ఏమిటంటే, నాకొక మేనకోడలు ఉంది. నా చెల్లెలి కూతురు. చిన్నప్పుడు దాన్ని దూరంగా ఉన్న ఒక బోర్డింగులో పెట్టి చదివించింది నా చెల్లెలు. ఆ బోర్డింగు చూసుకునే వేరే ఫాదర్ ఒకాయన ఆ పిల్లతో చేయరాని పని చేశాడు. ఇంతకంటే వివరంగా నేను రాయను. రాయాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం, నాది కాదు. ఎండాకాలం సెలవుల్లో ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. మేం ముగ్గురం కలిసి మా ఊరి ఫాదర్ దగ్గరికి వెళ్లాం. ఈ పాత ఫాదరే. వట్టి చేతులతో పోకూడదని నా చెల్లెలు ముంజలు కూడా తీసుకెళ్లింది. ఆయన అంతా విన్నాడు. చెయ్యి తుడుచుకున్నాడు. "నేను చూసుకుంటాను. మీరు మాత్రం ఎవరికీ చెప్పకండి. ఆడపిల్ల" అన్నాడు.

చూసుకున్నాడు మరి! ఆ బోర్డింగు ఫాదర్‌కు శాలువా కప్పి, దండ వేసి, ఇంకో ఊరికి మార్చారు. అక్కడా బోర్డింగే. మా ఊరి పిల్లలు ఇంకొందరు అక్కడే చదివేవాళ్లు కాబట్టి, అంత మంచాయన్ను ఎందుకు పంపేశారని మా ఊళ్లో ఆరా మొదలై, మా పిల్ల పేరు బయటికొచ్చింది. పిల్లకు చదువు ఎక్కక లేనిది కల్పించిందని ఎవరో అన్నారు. అది ఊరంతా తిరిగింది. 'కాదు, ఆ పిల్ల చెప్పింది నిజం' అని ఈ పాత ఫాదర్ ఒక్క ఆదివారం ఒక్క మాట అని ఉంటే అక్కడే ఆగిపోయేది. అనలేదు. నేను వీధి వీధికీ నిలబడి అరిచాను. నేను దేనికైనా అరుస్తానని పేరుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మైపాడు బస్సుకు పోయేటప్పుడు నా చెల్లెలితో నడవడానికి ఆడవాళ్లు వెనకాడేవాళ్లు. అబద్ధాలకోరు తల్లి అనిపించుకుంటూనే కన్నుమూసింది అది.

అంచేత గురువారం ఉదయమే వెళ్లాను, ఆయన బస చేసిన గదికి. కుర్చీలో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. వెన్ను వంగింది, బుగ్గలు లోపలికి పోయాయి. నిజం చెప్పొద్దూ, కోపం కాస్త జావగారింది.

"నువ్వా! ఇంకా అందరితో పోట్లాడుతూనే ఉన్నావా?" అన్నాడు నవ్వుతూ.

"మీరు మిగిల్చిపోయిందే ఇంకా తెమల్లేదు ఫాదర్."

నవ్వు ఆగింది. ఏ సంగతో నేను చెప్పనవసరం లేకపోయింది. అంటే ఆయనకూ గుర్తుంది.

"గురువు పాపసంకీర్తనంలో విన్నది బయట పెట్టకూడదు. నీకు తెలియనిదా?" అన్నాడు. చేసిన పాపాలు ఫాదర్ చెవిలో చెప్పి ఒప్పుకోవడమే మాకు పాపసంకీర్తనం.

"పాపసంకీర్తనం కాదు ఫాదర్, ముంజలు! మీరు వరండాలో కూర్చుని ముంజలు తింటుండారు. నీళ్లు కారి మీ తెల్లంగీ మీద పడినాయి. అయినా పాపం ఆ పిల్లది కాదు గదా, ఆ పిల్ల వచ్చి సంకీర్తనం చేసేదేంది?"

ఆయన ఇడ్లీ పక్కకు జరిపాడు. "పైవాళ్లకు చెప్పాను. వాళ్లు ఆయన్ను మార్చారు. అంతకుమించి నా చేతుల్లో ఏముంది? చర్చి పరువు కూడా చూడాలి కదా."

"చర్చికి గోడలుండాయి, గంటుంది, మీరుండారు. పరువు పోతే కట్టుకోవచ్చు. ఆ పిల్లకి నోట్లో మాటొక్కటే ఉండింది ఫాదర్."

"తిట్టడానికొచ్చావా, దీవెన తీసుకుంటావా?"

"సాయంత్రం నా కాళ్లకు ఎట్టాగూ ఇస్తారు గదా" అని లేచి వచ్చేశాను.

దారి పొడవునా నాలో నేను వాదించుకుంటూనే ఉన్నాను. చేసినవాడి పాపం చేసినవాడిదే, సరే. కానీ ఆ పాపానికి పెట్టె సర్ది, శాలువా కప్పి, ఇంకో ఊరి పిల్లల మధ్యకు బస్సెక్కించినవాళ్ల సంగతేమిటి? తెలిసీ నోరు కట్టుకోవడం ఏమీ చేయకపోవడం ఎట్లా అవుతుంది? నావలో చిల్లి చూసి, నడిపే సరంగుకు చెప్పకుండా ఒడ్డున నిలబడి చేతులు ఊపి పంపినవాణ్ణి మా రేవులో ఎవరైనా మంచివాడంటారా? తన్నరూ?

వాదనలో గెలిచిన కొద్దీ కోపం పెరిగింది. తిన్నగా రొయ్యల గుంట గట్టు దిగి, కుడికాలు మోకాలి దాకా బురదలో దించాను. ఆ బురద నల్లగా, మెత్తగా, కుళ్లిన రొయ్య కంపు కొడుతూ ఉంటుంది. అట్లాగే ఇంటికొచ్చాను.

మా ఇంటిది గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. "ఏందయ్యా ఇది! గుంటలో పడినావా?"

"పడలా. కావాలనే పెట్టినా. సాయంత్రం ఈ కాలే చాపుతా ఆయన ముందు. కడగనీ."

"ఆయన కడిగేదెప్పుడు, అప్పటిదాకా నీ పక్కన కూర్చునేదెవరు?"

ఆ మాటకు అరుగు మీద నుంచి ఎవరో పకపకా నవ్వారు. నా మేనకోడలు. దానిది ఇప్పుడు ఎండు చేపల వ్యాపారం. ఇసుక దిబ్బ మీద చేపలు ఆరబెట్టి నెల్లూరు పంపిస్తుంది. ఆదివారం చర్చికి వస్తుంది కానీ ఎప్పుడూ బయట మెట్టు మీదే కూర్చుంటుంది.

"మామా, నీకు వయసొచ్చింది గానీ బుద్ధి రాలా" అంది. "ఆ కాలు చూస్తే ఆయన ముక్కు మూసుకుంటాడు, అంతే. నన్ను చూస్తే ఏం మూసుకుంటాడో చూడాలనుండాది."

"అంటే?"

"నీ చోటు నాకియ్యి. ఆడోళ్ల కాళ్లు కూడా కడగచ్చని పోపు గారి ఉత్తరువు వచ్చింది గదా."

"ఆయన్ని ఏం చేస్తావే?"

"నేనేం చేస్తా? ఒక మాట అడుగుతా. చిన్నప్పుడు నేను చెప్పింది నిజమని ఆయన నోటితో అనాల, మా అమ్మను అన్నోళ్లందరూ వినేట్టుగా. ఇంకేం వద్దు నాకు. నువ్వు మాత్రం అరవబాక. నీ అరుపులో నా మాట వినపడకుండా పోతుంది ప్రతిసారీ."

మా ఇంటిది తలూపింది. పన్నెండు మందికీ చర్చివాళ్లిచ్చే ఎర్ర కండువా తీసి దాని చేతిలో పెట్టాను.

సాయంత్రం పీఠం ముందు బల్ల మీద పదకొండు మంది తెల్లటి కాళ్లతో కూర్చున్నారు. చివర నా ఎర్ర కండువా వేసుకుని నా మేనకోడలు. దిబ్బ మీదనుంచి నేరుగా వచ్చినట్టుంది, మడమల పగుళ్లలో ఉప్పూ ఇసుకా అట్లాగే ఉన్నాయి. ఉపదేశి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, అది నీ చోటు గదా!"

"నాదే. మేనకోడలికి ఇచ్చుకున్నా. మేనమామ ఏదో ఒకటి పెట్టాల గదా."

"నీ కాలేందన్నా ఆ కంపు?"

"ఆ కథ వేరే. నువ్వు పళ్లెం పట్టుకో పో."

నేను వెళ్లి పక్కన పాటల బృందం దగ్గర కూర్చున్నాను. కంపుకు వాళ్లు కాస్త జరిగి నాకు విశాలంగా చోటిచ్చారు.

పాత ఫాదర్ ఒక్కొక్కరి ముందూ దిండు మీద మోకాళ్లూని, నీళ్లు పోసి, తుడిచి, పాదం ముద్దు పెట్టుకుంటూ వచ్చాడు. కాలర్‌కు మైకు ఉంది. ఆయన ఆయాసం కూడా చర్చి అంతా వినిపిస్తోంది. చివరి మనిషి ముందు మోకాళ్లూని తలెత్తాడు. గుర్తుపట్టాడు. చెంబు చేతిలోనే ఉండిపోయింది.

అది కాళ్లు చాపలేదు, చీర కింద దాచుకుంది.

"ఫాదర్, ఆరోజు మా అమ్మతో వచ్చి నేను మీకు చెప్పింది నిజమా, అబద్ధమా?"

అరవలేదు. బజారులో చేపల ధర అడిగినంత మామూలుగా అడిగింది. మైకు ఆ మాటను అందరికీ అందించింది. ముందు వరసలో కూర్చున్న పెద్దామె, కల్పించిందన్న మాటను ఊరంతా తిప్పినవాళ్లలో మొదటి మనిషి, జపమాల తిప్పడం ఆపేసింది.

పాత ఫాదర్ పెదవులు కదిలాయి. సరిగ్గా అప్పుడే పాటల బృందం పెద్దకు దేవుడి పరువు గుర్తొచ్చింది. చెయ్యి ఊపాడు. కీబోర్డు, డప్పు, ఆడవాళ్ల గొంతులు ఒక్కసారిగా లేచాయి. ఆయన ఏదో అన్నాడు. పాటలో కొట్టుకుపోయింది.

నాకు తిక్క రేగింది. అరవొద్దని చెప్పింది కదా, అరవలేదు. గోడకున్న ప్లగ్గు పీకాను. ఫ్యాన్లు ఆగిపోయాయి. అందరూ ఫ్యాన్ల వైపు చూశారు. ఇంకొకటి పీకాను. ఈసారి కీబోర్డు మూగబోయింది. డప్పువాడు నా ముఖం చూసి చెయ్యి దించాడు. ఒక అమ్మాయి మాత్రం కళ్లు మూసుకుని పాడుకుంటూ పోయి, ఒంటరిగా మిగిలానని తెలిసి నాలుక కరుచుకుంది. పీఠం పక్కన కూర్చున్న ఇప్పటి ఫాదర్, కుర్రాయన, సగం లేచాడు. తిడతాడనుకున్నాను. పాటల బృందం వైపు తిరిగి ఆపమని చెయ్యి చూపాడు. తర్వాత నాకేసి చూసి, ఫ్యాన్ మాత్రం మళ్లీ పెట్టమని సైగ చేశాడు.

"నాకు వినపడింది ఫాదర్" అంది మేనకోడలు. "వాళ్లకు వినపడలా."

ఆయన మోకాళ్ల మీదే జనం వైపు తిరగబోయాడు. వల్ల కాలేదు. ఉపదేశి పళ్లెం కింద పెట్టి భుజం పట్టి తిప్పాడు.

"ఈ బిడ్డ ఆరోజు నాకు చెప్పింది నిజం" అన్నాడు. "నాకు అప్పుడే తెలుసు. మీరంతా అబద్ధమంటున్నారనీ తెలుసు. నేను నోరు తెరవలేదు. భయపడ్డాను. తల్లి కూడా వచ్చి అడిగింది. అయినా తెరవలేదు."

మళ్లీ దాని వైపు తిరిగి, "నన్ను క్షమిస్తావా అమ్మా?" అన్నాడు.

"ఆ సంగతి తర్వాత చూద్దాం ఫాదర్" అంది. "ముందు నీళ్లు పొయ్యండి."

అప్పుడు కాళ్లు చాపింది. ఆయన పోశాడు, ఉప్పూ ఇసుకా పోయేదాకా వేళ్లతో రుద్దాడు. పళ్లెంలో నీళ్లు మురికయ్యాయి. తుడిచిన తువ్వాలు ఇంక ఇంకొకరికి పనికిరాకుండా పోయింది. ఉపదేశి ఆ పళ్లెం ఎత్తుకుని, ఎక్కడ పారబోయాలో తెలియక మమ్మల్నందరినీ చూస్తూ నిలబడ్డాడు. అన్నేళ్లూ తేట నీళ్లే కదా, చెట్లకు పోసేవాడు.

పూజ అయ్యాక జపమాల పెద్దామె మా మేనకోడలి దగ్గరికొచ్చి నిలబడింది. జపమాలను కొంగు చివర ముడి వేసుకుంది. చివరికి, "ఆదివారం లోపలికొచ్చి కూర్చో మే, ఎండ" అంది.

"చూస్తా అవ్వా" అంది ఇది.

ఇంటికి చేరేసరికి నా కాలి మీద బురద ఎండి పెచ్చులు రాలుతోంది. మా ఇంటిది గుమ్మం బయటే ఆపేసి, బకెట్టూ సబ్బూ తెచ్చి ముందు పెట్టింది. నేను కడుక్కుంటుంటే మేనకోడలు అరుగు మీద కూర్చుని తన పాదాలే చూసుకుంటోంది.

"సంతోషమేనా?" అన్నాను.

"అమ్మ ఉండుంటే బాగుండు" అంది. తర్వాత, "ఇంకో ఊరుండాది గదా మామా. ఆ బోర్డింగాయన్ను మార్చి పంపిన ఊరు. ఆడ కూడా పిల్లలుండి ఉంటారు. వాళ్లు చెప్పినా ఎవరో గమ్మున ఉండి ఉంటారు" అంది.

"ఈస్టర్ పండగ కాగానే పోదాం. ఈ ఫాదర్నే వెంటబెట్టుకుని పోదాం. వచ్చి ఆడ కూడా చెప్పనీ."

"వస్తాడంటావా?"

"రాకపోతే నేను..."

"నువ్వు అరవబాక" అన్నారు అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకేసారి. "ముందు ఆ కాలు కడుక్కో."