గడ్డి దిమ్మలు, పిన్ని గృహప్రవేశం

మా ఆయనకు ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు ఉంది. ఏ మిషనైనా విప్పి బిగించగలనని ఆయన నమ్మకం. బిగించాక మిగిలిపోయే నట్లు మా భవానీపురం ఇంట్లో ఒక డబ్బా నిండా ఉన్నాయి.

ఒక ఏడు కోతలప్పుడు చల్లపల్లి దగ్గర మా అత్తగారి ఊరు వెళ్ళాం. మిషనుతో కోసిన చేలల్లో గడ్డి తగలబెడుతున్నారు. ఈయన కళ్ళు నులుముకుంటూ, "ఇదేదో పద్ధతిగా తగలబెడితే ఇంధనం అవుద్ది కదా" అన్నారు. నెల తిరక్కుండా ఒక పాత మిషను బాగుచేయించి అత్తగారి పశువుల పాకలో దించారు. గడ్డిని నలగ్గొట్టి, గట్టిగా నొక్కి, కట్టెలకు బదులు వాడే దిమ్మలు చేస్తుందది.

"గేదెలు తినేదాన్ని పొయ్యిలో పెడతావంట్రా?" అన్నారు అత్తగారు.

"మిషను గడ్డి అవి ముట్టుకోవట్లేదు కదమ్మా."

"గేదె వద్దన్నదాన్ని మనుషులు కొంటారా?"

మొదటి దిమ్మలు నెయ్యి చాలని సున్నుండల్లా చేతిలోనే విడిపోయాయి. గడ్డి బాగా ఎండబెట్టి, మిల్లు నుంచి తెచ్చిన ఊక కలిపితే నిలబడ్డాయి. ఇక ఈయన ఆగలేదు. మా పిన్ని గృహప్రవేశం వంటకు దిమ్మలు తనే ఇస్తానని మాటిచ్చేశారు.

ముందురోజు జల్లుకు దిమ్మల బస్తాలు చెమ్మగిల్లాయి. ఎవరూ చూసుకోలేదు. వంటమేస్త్రి పెరట్లో పొయ్యి అంటించగానే పొగంతా తిన్నగా కొత్త హాల్లోకి వెళ్ళింది. వ్రతం చేయిస్తున్న పంతులుగారు దగ్గుతూ ఆగి, "లక్ష్మీదేవి లోపలికి రావాలండీ. ఇలాగైతే ఉన్నవాళ్ళమే బయటికి పోతాం" అన్నారు. పిన్ని కొత్త రంగులేసిన గోడను కొంగుతో తుడిచి, మసి అంటిందేమోనని చూసుకుంది. నాకు భయమేసింది. చివరికి గ్యాస్ సిలిండర్లు తెప్పించి వంట కానిచ్చారు. పప్పు మాత్రం అప్పటికే పొగవాసన పట్టింది. ఎవరో పెద్దాయన "కట్టెల పొయ్యి రుచే వేరు" అంటూ మారు వడ్డించుకున్నారు. ఇంటికొచ్చేదాకా ఈయన ఆ ఒక్క మాటే చెప్పారు.

తరవాత సరుకు తడవకుండా రేకుల షెడ్డు వేయించారు. దిమ్మలు బాగానే మండుతున్నాయి, కానీ బూడిద ఎక్కువని హోటళ్ళవాళ్ళు వద్దన్నారు. వదలకుండా తీసుకుంటున్నది ఒక్క శ్మశానంవాళ్ళే.

"వాడినవాళ్ళు ఒక్కరూ కంప్లయింటు చెయ్యలేదు" అంటారు ఈయన.

బంధువులతో నేను మాత్రం ఇటుక బట్టీకి వేస్తున్నామని చెబుతుంటాను. అత్తగారికి ఆ మొహమాటం లేదు. మొన్నొక పెళ్ళి భోజనాల్లో దూరపు చుట్టం ఒకాయన వ్యాపారం ఎలా ఉందని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పి, "మీకు కావాల్సొస్తే ముందే ఓ మాట చెప్పించండి అన్నయ్యగారూ, మంచివి తీసి ఉంచుతాం" అన్నారు.

ఆ చుట్టం మజ్జిగ కూడా తాగకుండా లేచి చెయ్యి కడుక్కున్నారు.