దండ వేసిన నాన్సీ ఫోటో

2022. కోలారు జిల్లా రాబర్ట్‌సన్‌పేటలోని నా స్టూడియోకి పెళ్ళి ఆర్డర్లు తగ్గిపోయి, రిస్టొరేషన్ పనే దిక్కయిన కాలం. అంటే చిరిగిన పాత ఫోటోను స్కాన్ చేసి, కంప్యూటర్లో మరకలు తుడిచి, కొత్త ప్రింటు తీయడం. పెద్దల అమావాస్య దగ్గరపడితే ఈ పని ఎక్కువవుతుంది. పోయినవాళ్ళ ముఖాలు అందరికీ అప్పుడే గుర్తొస్తాయి, అదీ అర్జెంటుగా!

ఆ హడావుడిలోనే మునెమ్మ రాయల్పాడు నుంచి బస్సులో వచ్చింది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. సంచిలోంచి ఒక ఫ్రేము, ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. ఫ్రేములో పేపరు నుంచి కత్తిరించిన తెల్లమ్మాయి ముఖం. అద్దం మీద ఎండిపోయిన కుంకుమ. కవరులో తెల్ల అంచుల ఫోటోలు. మంచులో చెక్కబండి మీద ఓ పాప, పొడవాటి కారు ముందు అదే పాప, కేకు ముందు పళ్ళూడిన నవ్వు.

"ఎవరమ్మా ఈ పాప?"

"మా నాన్సీ పాపప్పా. కోలారు మిషన్ బంగళాలో అమెరికా దొరోళ్ళు ఉండ్రి. నేను ఆయాగా చేరినప్పుడు పాపకి ఆరు నెల్లు. నా సంకలోనే పెరిగింది. వాళ్ళ దేశం పోయినాక గూడా వాళ్ళమ్మ ఏటేటా ఫోటోలు పంపిస్తా ఉండె."

"పాప పోయిందా?"

"వయసుపిల్లగా ఉన్నప్పుడే పోయింది. కడాకి ఈ పేపరు ముక్క వచ్చె. మాకు ఇంగ్లీషు రాదు గదా. 'పేపర్లో ఒక్కరి ముఖమే వేసినారంటే ఇంగేముంది, శ్రద్ధాంజలే' అన్నాడు మా ఆయన. అప్పట్నుంచి మా పెద్దోళ్ళతో బాటే పెట్టి మొక్కుతా ఉండా. దీన్ని పెద్దది చేసియ్యప్పా."

అద్దం మీదుగా స్కాన్ చేస్తే వెలుతురు మెరిసి ఫోటో సరిగ్గా రాదు. అందుకని ఫ్రేము విప్పాను. ముఖం ఒక్కటే కనబడాలని ఫ్రేములవాళ్ళు కింది అక్షరాలను వెనక్కి మడిచేస్తారు, మా పనిలో అది మామూలే. ఆ మడత తీసి ఇంగ్లీషు చదివాను. నమ్మలేక మళ్ళీ చదివాను. ఫలానావారి కుమార్తె నాన్సీకి నిశ్చితార్థమైంది, జూన్‌లో పెళ్ళి. ఆ రోజుల్లో అక్కడి చిన్న ఊళ్ళ పేపర్లు పెళ్ళి కుదిరిన అమ్మాయి ఫోటో అలా వేసేవట.

చెప్పకుండా ప్రింటు ఇచ్చి పంపేద్దామా అనిపించింది. మనసొప్పలేదు.

"అమ్మా, ఇది చావు కబురు కాదు. పాపకి పెండ్లి కుదిరిందని వేసినారు."

"నిజంగానా? బతికే ఉండాదా?"

"ఇప్పటి సంగతి తెలీదమ్మా. అప్పుడు మాత్రం పెండ్లికూతురు."

ఫక్కున నవ్వింది. అంతలోనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "అయ్యో నా తల్లీ! పెండ్లికూతురికి దండేసి పెట్టినానే!"

ఆ పేపరులో ఉన్న ఊరి పేరు పట్టుకుని ఇంటర్నెట్‌లో చాలా రోజులు వెతికాను. పెళ్ళితో ఇంటిపేరు మారి ఉంటుంది. పేపరులో పెళ్ళికొడుకు పేరున్న చోట చెద తినేసింది. ఆచూకీ దొరకలేదు. ఇంత కష్టపడీ చేతులెత్తేయాల్సి వచ్చిందని ఇప్పటికీ బాధే.

అప్పట్నుంచి దండ ఫోటో అడిగినవాళ్ళను, 'పోయినారని ఎవరు చెప్పినారు?' అని అడుగుతున్నాను. కొందరికి కోపం వస్తుంది. రానీ.

ప్రింటు కోసం వచ్చిన రోజు మునెమ్మ పేపరు ముఖం వద్దంది, మంచులో పాప ఫోటో తీసుకుంది. దాన్ని గుండెకు ఆనించుకుంది.

"ఈ పేపరు వచ్చినాక వాళ్ళమ్మ ఇంగ్లీషు కార్డు గూడా పంపించె, అదీ చావు కబురే అనుకుంటి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఏమని రాయించేదని జవాబే రాయించలేదప్పా. అది పెండ్లి పిలుపే అయ్యుంటుంది. వాళ్ళు పెండ్లికి పిలిస్తే నా నుంచి మాట లేదు, పలుకు లేదు. వాళ్ళు గూడా నేను పోయినాననే అనుకోనుంటారు గదా?"