యోలికి చెప్పులు తొడిగిన గురమ్మ

గురమ్మ భయానికి కారణం అక్కర్లేదు. ముందు భయపడి, కారణం తర్వాత తీరిగ్గా వెతుక్కుంటుంది. కువైట్‌లో దిగిన కొత్తల్లో రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో పనికి కుదిరింది. అక్కడ మామా, అంటే ఇంటి యజమానురాలు, గొంతు పెంచితే భయం, తగ్గిస్తే ఇంకా భయం. ఏళ్లు గడిచి, అరబ్బీ నాలుక్కి పట్టుబడి, ఏ గిన్నె ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలిగే వేళకు ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. మామా మంచిదే, కాగితాల మీద సంతకం పెట్టి వదిలింది. గురమ్మ ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, సాల్మియాలో ఉండే ఒక వెనిజులా కుటుంబం మీదికి మారింది.

వెనిజులా అనే దేశం ఒకటుందని పుల్లంపేట పక్కనున్న ఆమె పల్లెలో ఎవరికీ తెలియదు. అమెరికా కింద ఎక్కడో ఉందట. భూమిలో చమురుందట, అయినా తిండికి కరువొచ్చి చదువుకున్నవాళ్లంతా దేశాల మీద పడ్డారట. చమురుండీ కరువేమిటో గురమ్మకు అర్థం కాలేదు. ఇంటాయన రఫాయేల్ సారు అహ్మదీ వైపు చమురు బావుల దగ్గర ఇంజనీరు. ఇంటావిడ మార్లెనీ, పేరు పెట్టి పిలవమని మరీ మరీ చెప్పింది. తన వీసాకు పూచీ పడ్డ కఫీల్ భార్యను పేరు పెట్టి పిలిచే ధైర్యం ఏడు జన్మలెత్తినా రాదు గనక, గురమ్మ చివర ఒక 'అమ్మ' తగిలించి ఆమెను మార్లేనమ్మను చేసుకుంది. వాళ్లకు ఒక్కతే కూతురు, యోలి. అప్పటికి ఆ పిల్లకు పాలపళ్లు ఊడుతున్నాయి.

బిల్డింగులో సగం వాళ్లవాళ్లే. కొలంబియా వాళ్లు, మెక్సికో వాళ్లు, స్పెయిన్ నుంచి ఒక ముసలి జంట. దేశాలు వేరైనా అందరి నోటా ఒకటే స్పానిష్. శుక్రవారం వచ్చిందంటే ఎవరో ఒకరింట్లో అందరూ చేరాల్సిందే. మొదటి శుక్రవారం తలుపు తీసిన గురమ్మకు వచ్చినవాళ్లు వచ్చినట్టే బుగ్గకు బుగ్గ ఆనించి ముద్దు పెట్టడం మొదలుపెట్టారు. ఆడవాళ్లయితే సరేలే అనుకుంది. వాళ్ల వెనకాల ఒక మీసాలాయన కూడా వంగేసరికి వెనక్కి వెనక్కి నడిచి ఫ్రిజ్‌కి గుద్దుకుంది. ఆ తర్వాతి వారం నుంచి రెండు చేతులా గ్లాసుల ట్రే పట్టుకునే తలుపు దగ్గరికి వెళ్లేది. ట్రే పట్టుకున్న మనిషిని ఎవరూ ముద్దు పెట్టుకోలేరు. తలుపు ఎలా తీసేదని అడక్కండి, మోచేత్తో తీసేది.

అంతకంటే పెద్ద భయం భోజనాల బల్ల. అందరితో పాటు ఆమెకూ ఒక కుర్చీ లాగి కూర్చోమన్నారు. రుమైథియాలో వంటింటి స్టూలు మీద తిన్న మనిషికి ఆ కుర్చీ ముళ్ల కుర్చీ అయింది. పాత వీధిలో సత్యదుర్గ అని కోనసీమ పిల్ల ఉండేది. ఆమె మామా ఉన్నట్టుండి కొత్త బట్టలు పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించి, మర్నాడు చేతిలో ఊరికి టికెట్ పెట్టింది. గురమ్మ అది మర్చిపోలేదు. అందుకే వీళ్లు మర్యాద చేసినప్పుడల్లా తన పెట్టె తాళం ఎక్కడుందో ఒకసారి చూసుకునేది.

టికెట్ రాలేదు. ఏళ్లు వచ్చాయి. మొక్కజొన్న పిండి ముద్దను అరచేతుల మధ్య తట్టి, పెనం మీద కాల్చి, పొట్ట చీల్చి కూర నింపే అరేపాలు ఆమె చేతికి ఎంత కుదిరాయంటే, జొన్నరొట్టె తట్టిన చెయ్యి గదా, కొలంబియా ఆవిడ కూడా వచ్చి చూసి పోయేది. స్పానిష్ కూడా వచ్చింది. ఆమె స్పానిష్‌లో నిన్నా ఉండదు, రేపూ ఉండదు, అంతా ఇవాళే. అయినా పని జరిగిపోయేది. యోలి ఆమెను గురీ అని పిలిచేది. పొద్దున్నే బస్సు వచ్చే వేళకు ఆ పిల్ల నిద్రమొహంతో సోఫాలో కూలబడితే, నేల మీద కూర్చుని పాదం ఒళ్లో పెట్టుకుని బూట్లు తొడిగి పంపేది గురమ్మే.

అలాంటి యోలికి పదిహేనేళ్లు నిండబోతున్నాయి. వాళ్లలో అది పెద్ద పండగ. హోటల్ మాట్లాడారు, పెళ్లికూతురి గౌనులాంటి గౌను కుట్టించారు, బిల్డింగులో పిల్లలంతా సాయంత్రాలు కలిసి డాన్సు నేర్చుకుంటున్నారు. ఒక రోజు ఉల్లిపాయలు తరుగుతూ మార్లేనమ్మ, "ఫంక్షన్‌లో యోలికి చెప్పులు నువ్వే తొడగాలి, సరేనా?" అంది.

"సరే" అంది గురమ్మ. చెప్పులు తొడగడం పనిమనిషి పని కాక ఇంకెవరి పని? ఒంగడానికి వీల్లేని గౌను వేసుకుంటుంది కాబోలు అనుకుని, మిగతా ఉల్లిపాయలు తనే లాక్కుని తరిగింది.

అసలు సంగతి రిహార్సల్ రోజు బయటపడింది. పాటలు, డాన్సు అయ్యాక అన్నీ ఆపేశారు. హాలు నడి మధ్య ఒక్క కుర్చీ వేసి యోలిని కూర్చోబెట్టారు. అందరూ చుట్టూ నిలబడ్డారు. రఫాయేల్ సారు ఒక పట్టు దిండు మీద ఎత్తు హీల్స్ పెట్టుకుని, దేవుడి విగ్రహం తెస్తున్నంత మెల్లగా నడిచొచ్చి గురమ్మ ముందు నిలబడ్డాడు. పక్కన కొలంబియా ఆవిడ అప్పుడే ముక్కు చీదుతోంది. చెప్పులు తొడిగితే ఏడుపెందుకని గురమ్మ అడిగింది.

మార్లేనమ్మ నవ్వి చెప్పింది. "ఇదే గదా అసలు ఘట్టం. చిన్నపిల్ల చెప్పులు తీసి పెద్దదాని చెప్పులు తొడుగుతాం. దీంతో పిల్ల పెద్దదయినట్టు. మామూలుగా తండ్రి చేస్తాడు. యోలి నువ్వే కావాలంది. ఎవరి చేత్తో చేస్తే వాళ్ల దీవెన పిల్లకు."

ఇది సమర్త ఫంక్షనే! పిల్లను పెద్దమనిషిని చేసే శుభకార్యం. పసుపు రాసి, నలుగు పెట్టి, ముత్తైదువలు అయిదుగురు చేరి చేయాల్సింది. దాన్ని తెచ్చి తన చేతిలో, కామెర్లతో మొగుడు పోయి, నుదుట బొట్టు లేకుండా ఎడారికొచ్చిన తన చేతిలో పెట్టారు.

ఆమెకొక కూతురుంది, చిట్టి. తిరుపతిలో నర్సింగ్ చదువుతోంది. చిట్టి పెద్దమనిషయినప్పుడు గురమ్మ సెలవు పెట్టి మరీ ఊరికి పోయింది. షామియానా వేయించింది, కొత్త పట్టుపావడా తీసింది. కార్యం వేళకు మాత్రం వెనకాల పొయ్యి దగ్గరికి వెళ్లి అన్నం గంజి వారుస్తూ కూర్చుంది. పొమ్మని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఆడబిడ్డ, చిన్నత్త, వీధిలో ఆడవాళ్లు అందరూ పిల్లకు పసుపు రాశారు. సొంత బిడ్డ దగ్గరికే పోని చెయ్యి, పరాయి బిడ్డ మీద ఎలా పడుతుంది?

మర్నాడు పొద్దున రుమైథియాలో ఉండే మునిలక్ష్మికి ఫోన్ చేసింది. ఇద్దరిదీ ఒకే ప్రాంతం, కష్టమొస్తే ఒకరికొకరు.

"వాళ్లకేం తెల్సు అక్కా మన పద్ధతులు? నోర్మూసుకోని తొడిగేయ్. ఖలాస్" అంది మునిలక్ష్మి.

"వాళ్లకు తెలీకపోతే దోషం తగలకుండా పోతాదా మునీ? రేపు ఆ బిడ్డకు ఏమన్నా అయితే?"

"అదీ నిజమేలే అక్కా. మా ఈదిలో ఒకామె పని చేసే ఇంట్లో పిల్లోనికి జరమొచ్చి తగ్గకపోతే, సిహిర్ చేసినావని ఆయమ్మ బట్టలన్నీ ఎతికినారు. చేతబడి అంట. ఆఖరికి ఊరికి పంపించేసినారు."

"ధైర్యం చెప్తావని ఫోన్ చేస్తే నువ్వే నా ప్రాణం తీస్తాండావు గదే!" అని గురమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత పాలు పొంగిపోయాయి. అరేపాలు మాడాయి. మోకాలి నొప్పి, కిందికి వంగలేనని చెప్పి చూసింది. మార్లేనమ్మ డాక్టరు దగ్గరికి పోదామని తాళాలు తీసుకుంది. ఇక దాచి లాభం లేదని, వంటింట్లో ఎవరూ లేని వేళ చూసి, తన ఇవాళ్టి స్పానిష్‌లో ఉన్నదంతా చెప్పేసింది. మొగుడు లేడు. మా వాళ్లలో ఇట్లాంటి ఆడది ముట్టకూడదు. పిల్లకు మంచిది కాదు.

మార్లేనమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లు తుడుచుకుని గురమ్మను గట్టిగా పట్టుకుంది. "మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నా పదిహేనో ఏట నాకు చెప్పులు మార్చింది మా అమ్మే. నాకేమైంది, చెప్పు?"

ఏమైందా? అందుకే గదా తల్లీ, బంగారంలాంటి ఇల్లూ వాకిలీ వదిలి, కన్నతల్లి చచ్చిపోయినా చూడను పోలేక, ఇట్లా దేశం గాని దేశంలో ఉండిపోయినావు! ఈ మాట గురమ్మ గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ధైర్యం చెబుదామని చెప్పిన మాటతో మార్లేనమ్మ ఆమె భయాన్ని రెండింతలు చేసింది.

ఫంక్షన్ ముందు రోజు సాయంత్రం యోలి వంటింట్లోకి వచ్చి, నేల మీద గురమ్మ పక్కనే చతికిలబడింది. చిక్కుళ్ల ఈనెలు తీస్తున్నట్టు నటిస్తూ, "గురీ, నేనంటే నీకు ఇష్టం లేదా?" అని అడిగింది.

"అదేం మాట?"

"అమ్మ ఏదో చెప్పింది. నాకవన్నీ తెలియవు. నువ్వు రాకపోతే నేను ఆ కుర్చీలో కూర్చోను. పాత చెప్పులతోనే ఉంటాను. నాన్నా వద్దు, ఇంకెవరూ వద్దు."

గురమ్మకు కొత్త భయం పట్టుకుంది. మొదలుపెట్టిన శుభకార్యం మధ్యలో ఆగిపోతే అది అన్నిటికంటే పెద్ద అరిష్టం. చేస్తే ఒక దోషం, చేయకపోతే ఇంకో దోషం. పిల్ల మొహం చూస్తే కన్నీళ్లు ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టున్నాయి. శుభకార్యానికి ముందు పిల్ల ఏడవకూడదు. "వస్తాలే, ఏడవాకు" అని తెలుగులో అనేసింది. పిల్లకు ఆ మాట అర్థమయింది.

హోటల్ ఫింతాస్‌లో, సముద్రం పక్కన. గురమ్మ ఉన్నవాటిలో మంచి చీర, బూడిద రంగుది, కట్టుకుంది. లోపలికి వెళ్లే ముందు మార్లేనమ్మ తమ ఆడవాళ్లందరికీ పెట్టినట్టే ఆమె ముడిలో కూడా ఒక తెల్ల గులాబీ గుచ్చింది. పూలు పెట్టుకోవడం మానేసి ఎన్నేళ్లయిందో! తీసేయడానికి గురమ్మ చెయ్యి పైకి లేచింది. అంతలో పాట ఆగిపోయింది. నడి మధ్య కుర్చీ, కుర్చీలో యోలి, ఎదురుగా దిండు పట్టుకుని రఫాయేల్ సారు. పూవు సంగతి అక్కడే వదిలేసి నడిచింది.

నేల మీద కూర్చుని పాదం ఒళ్లో పెట్టుకుంది. పెంచలకోన నరసింహస్వామిని తలుచుకుని, దోషమేమన్నా ఉంటే నాకే తగలనీ, పిల్ల జోలికి పోవాకు సామీ అని దండం పెట్టుకుంది. పాత చెప్పు వచ్చేసింది. కొత్తది మడమ దగ్గర ఇరుక్కుంది. స్కూలు బూట్లకు చేసినట్టే చూపుడు వేలు మడమ వెనక దూర్చి ఒత్తింది. చెప్పు ఎక్కింది. రెండోది ఇబ్బంది పెట్టలేదు. చప్పట్లు కొట్టారు. యోలి లేచి, తూలి, ఆమె భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. తర్వాత తండ్రితో డాన్సు చేసింది. అందరూ ఆ పిల్ల మొహం చూస్తుంటే గురమ్మ ఆ హీల్స్ మాత్రమే చూస్తూ, ఎక్కడ కాలు మడత పడి పడుతుందోనని పాట అయిపోయిందాకా ఊపిరి బిగబట్టింది.

పడలేదు. అయినా ఆమె నమ్మలేదు. మర్నాడు యోలి తుమ్మితే వెళ్లి నుదురు తాకి చూసింది. మధ్యాహ్నం రఫాయేల్ సారు కారు కాస్త ఆలస్యమైతే కిటికీ దగ్గరే నిలబడింది. చెడ్డది ఏదో రావాలి, ఎటు నుంచి వస్తుందో తెలియడం లేదు. చిట్టి ఫోన్ చేసినప్పుడు ఆమె ఆ కిటికీ దగ్గరే ఉంది. వీడియో కాల్.

"మార్లేనమ్మ ఫేస్‌బుక్‌లో పెట్టింది చూసినా మా. బాగుండాది. తల్లో పూవు గూడా పెట్టుకుంటివి."

"ఆయమ్మ పెట్టేసింది. నేనొద్దనే లోపలే..."

"ఉండనీ మా. బాగుండావు." చిట్టి నెమ్మదిగా అంది. "నా ఫంక్షన్‌కు నువ్వు పొయ్యి కాడే ఉండిపోతివి. పీట మీద కూచోని నేను ఆ పక్కకే చూస్తాంటి. అందరూ పసుపు రాస్తాండారు. ఇంగ వస్తాది మాయమ్మ, ఇంగ వస్తాది అనుకుంటి."

"నా చెయ్యి తగిలితే నీకు కీడు బిడ్డా. నీ మంచికే గదా రాకపోతిని. నాకేం మనసు లేకనా?"

"మరి ఆ పిల్లకు తగల్దా మా, కీడు?"

గురమ్మ నోరు తెరిచింది. తగులుతుందంటే, తెలిసి తెలిసి యోలికి అంత పని చేసింది. తగలదంటే, ఆ రోజు పొయ్యి దగ్గర ఎందుకు కూర్చున్నట్టు? ఫోన్‌లో చిట్టి ఆమె మొహంలోకే చూస్తూ ఎదురుచూస్తోంది.