పిట్ట ముట్టని విస్తరి

శంషాబాద్‌ల మిర్చి బజ్జీల వాసన తగిలితే, నానమ్మ పోయిన మూడోరోజు గుర్తుకొస్తది.

ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తట్ల పెట్టి, ఎయిర్‌పోర్టు పక్క పొలంకాడ కాకి కోసం చూస్తున్నం. అది దిగబోయినప్పుడల్లా విమానం ముందు దిగుతున్నది. కాకి ముట్టకపోతే నానమ్మ ఆకలితోనే పోతదని నా భయం.

“ఇంకేం తక్కువైందే అవ్వా?” అని బాపు విస్తరికి దండం పెట్టిండు.

నాకు తెలుసు. డాక్టర్ వద్దన్న బజ్జీలు మేమిద్దరం దొంగతనంగా తినేటోళ్లం. ఎవ్వరికీ చెప్పనని ఆమెకు ఒట్టేసిన. ఏడ్చుకుంట ఆ ఒట్టు తప్పిన.

బజ్జీలొచ్చినయి, కాకీ వచ్చింది.

“నాకు తెల్వకుంట తిన్నవా అవ్వా!” మూడు రోజుల్ల బాపు మొదటిసారి నవ్విండు.

విమానాల నడుమ జర సందు దొరికిందేమో, కాకి సంగతి నాకు తెల్వదు.

ఇప్పుడు డాక్టర్ నన్నూ బజ్జీలు తినొద్దన్నడు. నిన్న నేను, నా బిడ్డ చెరి రెండు తిన్నం. ఎవ్వరికీ చెప్పనని ఒట్టేసింది. ఎప్పుడు తప్పాల్నో, ఆ రోజొస్తే తనకే తెలుస్తది.