ఎక్కి కూర్చుంటేనే కొలత: యానాంలో మంచు బళ్ళ మెకానిక్ దగ్గర ఒక రోజు

చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. కాలికి కాలిపర్ అనే ఇనుప ఊత కట్టుకుని, వెనక రెండు పక్కలా అదనపు చక్రాలు బిగించిన స్కూటర్ మీద తొమ్మిదేళ్ళుగా ఉద్యోగానికి వెళ్ళివస్తున్నాను. ఇల్లు అమలాపురంలో, బడి పదకొండు కిలోమీటర్ల దూరంలో. అక్కడ నేను లెక్కల టీచర్ని. ఈ జూన్‌లో మా అత్తయ్యగారిని వెనక కూర్చోబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళుతుంటే, ఎడమ మలుపులో బండి కుడి పక్కకి ఒరిగిపోయి ఇద్దరం పడ్డాం. నాకు మోచేయి గీసుకుపోయింది. ఆవిడకి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా ఆవిడ మళ్ళీ నా బండి ఎక్కలేదు. గుడికైనా, బజారుకైనా "నువ్వు పదమ్మా, నేను ఆటోలో వత్తాలే" అని నవ్వుతూ తప్పించుకునేవారు. నా పెళ్ళయిన కొత్తలో ఈ బండి వెనక సీటు మొదట ఎక్కింది ఆవిడే. మా వారు అప్పటికింకా జంకుతూనే ఉన్నారు. అలాంటి మనిషి నన్ను నమ్మడం మానేశారని నాకు లోపల్లోపల మహా కష్టంగా ఉండేది.

పడ్డాక బండిని ముగ్గురు మెకానిక్కులకి చూపించాను. ముగ్గురూ బంగారం లాంటి మనుషులే. వెళ్ళగానే కుర్చీ తుడిచి వేసేవారు, "మీరు కూచోండి మేడం, మేం చూసుకుంటాం" అని టీ తెప్పించేవారు. స్ప్రింగులు బిగించి, తామే ఎక్కి ఒక చుట్టు తిప్పి, బండి బాణంలా పోతోందని చెప్పేవారు. వాళ్ళు నడిపితే అలాగే పోయేది. నేను ఎక్కితే మళ్ళీ హ్యాండిలు కుడికి లాగేది. చివరికి మా వారు బండి అమ్మేసి నెలకి ఆటో మాట్లాడుకుందామన్నారు. ఆయన తప్పు లేదు, భయం ఆయనది. ఒక్క ప్రయత్నం చేసి చూస్తానని, అదీ కుదరకపోతే అమ్మేద్దామని ఒప్పందం చేసుకున్నాను. ముమ్మిడివరంలో నాలాగే సైడు చక్రాల బండి నడిపే ఒకాయన యానాంలో నూకరాజు గారని ఒక రిటైర్డ్ మిలట్రీ మెకానిక్ ఉన్నారని, ఆయన చేయి పడితే బండి మాట వింటుందని చెప్పారు.

నవంబరులో ఒక ఆదివారం ఉదయం ఏడున్నరకి బండిని ట్రాలీ ఆటోలోకి ఎక్కించి తాళ్ళతో కట్టించాం. రానూపోనూ, అక్కడ ఆగినదానితో కలిపి పదహారు వందలు. డ్రైవర్ సత్తిబాబు మా వీధివాడే. మా వారికి ఆ రోజు డ్యూటీ ఉంది. అత్తయ్యగారు మాత్రం యానాంలో చీరమేను దొరికే రోజులని, తానూ వస్తానని బయల్దేరారు. దసరా నుంచి దీపావళి దాటేవరకు గోదావరిలో దొరికే ఆ సన్నపిల్ల చేపలంటే ఆవిడకి ప్రాణం. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక చేరి, వంతెన ఎక్కేసరికి ఎనిమిదిన్నర దాటింది. నది మీద పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. వంతెన దిగగానే సత్తిబాబు పెట్రోలు బంకులోకి తిప్పాడు. "ఇక్కడ పాండిచ్చేరి రేటు, తక్కువ కదండి, ఇంత దూరం వచ్చి ట్యాంకు నింపకపోతే మా ఇంట్లో ఊరుకోరండి" అన్నాడు. మీరు వచ్చినా అదే పని చేయండి, తప్పేం లేదు.

నూకరాజు గారి షెడ్డు ఫరంపేటలో ఉంది. లోపల గోడకి మనిషెత్తు నల్లటి పలక ఒకటి వేలాడుతోంది. ముందు కొస పైకి వంపు తిరిగి ఉంది. పడవకి సంబంధించినదేమో అనుకున్నాను. అది స్నో స్కూటర్ స్కీ అట. అరవై అయిదేళ్ళ నూకరాజు గారు సైన్యంలో ఉన్న రోజుల్లో సగం మంచు కొండల మీద, ఆ బళ్ళు బాగుచేస్తూనే గడిపారు. ముందు చక్రాలు ఉండాల్సిన చోట ఇలాంటి స్కీలు రెండు ఉంటాయని, వెనక రబ్బరు పట్టా బండిని తోస్తుంటే ఇవి మంచు మీద జారుతూ దారి తిప్పుతాయని చెప్పారు. గోడ మీది నుంచి దాన్ని దింపి నా ఒళ్ళో పెట్టారు. అడుగున నిలువుగా చిన్న గట్టు, ఆ గట్టు కింద ఇనుప కమ్మీ. కమ్మీ అరిగి గుండ్రబడితే హ్యాండిలు తిరుగుతుంది గానీ బండి తిరగదట. కొత్తగా పడిన మెత్తటి మంచులో వెడల్పు స్కీ కావాలి, లేకపోతే కూరుకుపోతుంది. గట్టిపడిన మంచు మీద అదే వెడల్పు స్కీ అటూ ఇటూ ఊగుతుంది, అక్కడ సన్నగా ఉండి గట్టు లోతుగా దిగేదే పట్టు ఇస్తుంది. రెండు స్కీలూ ముందు వైపు వెంట్రుకవాసి బయటికి చూడాలట. నేను లెక్కల టీచర్ని కదా, ఎన్ని మిల్లీమీటర్లని అడిగాను. బండిని బట్టి ఉంటుందని, కంపెనీ పుస్తకం చూడకుండా ఎవరైనా అంకె చెబితే నమ్మొద్దని నవ్వారు.

తర్వాత నా బండి చుట్టూ రెండుసార్లు తిరిగారు. భద్రంగా ఉంటుందని నేను కొనిపించిన వెడల్పు టైర్లు మా తారు రోడ్లకి అక్కర్లేదని, ప్రతి గతుకు అంచునీ పట్టుకుని బండిని లాగుతున్నాయని అన్నారు. సన్న టైర్లు రెండూ కలిపి పద్నాలుగు వందలయ్యాయి. కుడి చక్రాన్ని పట్టి ఉంచే బ్రాకెట్టు జూన్‌లో పడినప్పుడు కాస్త వంగిందని చూపించారు. అంతవరకు నేను అలవాటు ప్రకారం కుర్చీ కోసం చూస్తున్నాను. ఆయన టేపు తీసుకుని నేల మీద పడుకుంటూ నన్ను బండి ఎక్కమన్నారు.

ఒక మగమనిషి కింద పడుకుని ఉంటే బండెక్కి కూర్చోవడానికి నాకు మొహమాటంగా అనిపించింది. అయినా ఎక్కాను. వెన్ను నిటారుగా పెట్టి, రెండు భుజాలూ సమంగా ఉంచి కూర్చున్నాను. ఆయన కింద నుంచి కుడివైపు, ఎడమవైపు కొలిచారు.

"అమ్మా, ఫొటోకి కూచున్నట్టు కాదు. బడికి వెళ్ళేటప్పుడు ఎలా కూచుంటావో అలా కూచో" అన్నారు.

ఎడమ కాలులో బలం లేకపోవడంతో నా బరువంతా కుడి తుంటి మీదే పడుతుంది. ఎప్పుడూ కాస్త కుడికి వాలే కూర్చుంటాను. పెళ్ళిళ్ళలో, స్టాఫ్ రూములో, ఎవరైనా చూస్తున్నారంటే దాన్ని సర్దుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు మాత్రం బడి సంచీ భుజానికి తగిలించుకుని, నాకు హాయిగా ఉన్నట్టు వాలి కూర్చున్నాను. నా వాలు ఒకరి పనికి కావలసి రావడం అదే మొదటిసారి. టేపు చూసి కుడి పక్క రెండు అంగుళాలు కుంగిందన్నారు. ముగ్గురు మెకానిక్కులూ ఖాళీ బండిని సరిచేశారు. నేనేమో కుర్చీలో కూర్చుని టీ తాగాను.

నట్లు వదులు చేస్తూ ఆయన తన సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసరు బండికి స్కీలు, వాటి మీది స్ప్రింగులు సెట్ చేశారట. ఖాళీ బండి మీద కొలత అచ్చుగుద్దినట్టు ఉంది. ఆఫీసరు ఎక్కి, వెనక సామాను వేసుకున్నాక ముందు భాగం తేలిపోయి స్కీలకి పట్టు పోయింది. మలుపులో బండి తిరగక ఆయన కొండవాలు మీద పడ్డారు, భుజం ఎముక విరిగింది.

"అంతటి ఆఫీసర్ని అరగంట ఎక్కి కూచోండి సార్ అని ఎలా అడగ్గలనమ్మా. మర్యాదకి ఊరుకున్నాను. ఆయన నన్ను ఒక్క మాటనలేదు. మర్నాడు భుజానికి కట్టుతోనే వచ్చి, బండెక్కి కూచుని, ఇప్పుడు కొలువు అన్నారు. ఆ మర్యాద అక్కడితో వదిలేశాను" అన్నారు.

బ్రాకెట్టు వెల్డింగుకి పంపించి మమ్మల్ని భోజనానికి వెళ్ళమన్నారు. పన్నెండున్నరకి దగ్గర్లోని మెస్సుకి వెళ్ళాం. మనిషికి నూట ఇరవై, చీరమేను కూరకి విడిగా డెబ్భై. మామిడల్లం వేసి దగ్గరగా వండిన కూర. అంత దూరం దాని కోసమే వచ్చిన అత్తయ్యగారు గరిటెడు అన్నం పెట్టించుకుని చేయి అడ్డం పెట్టారు. వండినావిడ బతిమాలినంత పని చేసింది, వంట బాగోలేదేమోనని చిన్నబుచ్చుకుంది కూడా. రుచి అమృతంలా ఉందని అత్తయ్యగారు ఆవిడకి నచ్చజెప్పారు గానీ అన్నం మాత్రం వేయించుకోలేదు. కొన్ని నెలలుగా ఇంట్లోనూ అంతే. షుగరేమోనని పరీక్ష చేయిస్తే ఏమీ లేదన్నారు.

రెండింటికి తిరిగి వెళ్ళాం. నా బరువుకి కొలత కుదిరాక నూకరాజు గారు వెనక ఎవరు కూర్చుంటారని అడిగారు. నేను అత్తయ్యగారి వైపు చూశాను. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. ఆటోలో తిరగడమే తనకి బాగుందన్నారు. ఆయన మళ్ళీ పిలిచారు. అప్పుడు ఆవిడ అసలు సంగతి బయటపెట్టారు.

"నేనెక్కితే మళ్ళీ పడిపోద్ది అన్నయ్యగారూ. ఆవేళ నా బరువుకే ఒరిగిందది. అప్పట్నించి తిండి తగ్గించి చూత్తన్నాను, తగ్గట్లేదు. ఆ పిల్లకి బండి లేకపోతే కాళ్ళు లేనట్టే. నా మూలంగా అమ్మేత్తారేమోనని భయంగా ఉంది."

నాకు బండి మీదే ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు. నూకరాజు గారు కింద నుంచి లేచి, చేతులు తుడుచుకుని ఆవిడ ముందు నిలబడ్డారు.

"చెల్లెమ్మా, మనిషన్నాక బరువు ఉంటాది. దానికి తగ్గట్టు స్ప్రింగు బిగించకపోవడం మెకానిక్కు తప్పు. మీ బరువెంతో నాకు చెప్పక్కర్లేదు, ఎక్కి కూచోండి చాలు."

ఆవిడ కొంగు నడుముకి దోపుకుని వచ్చి ఎక్కారు. ఇద్దరం ముప్పావు గంట అలాగే కూర్చున్నాం. ఆయన కుడి స్ప్రింగు బిగించడం, దిగమనడం, ఎక్కమనడం, మళ్ళీ కొలవడం. ఆఖర్న ముందు చక్రం నుంచి రెండు పక్కలకీ నూలుతాడు లాగి చక్రాలు సరిగ్గా తిన్నగా ఉన్నాయో లేదో చూశారు. మంచు బండి స్కీలకి కావలసిన ఆ వెంట్రుకవాసి వంపు ఇక్కడ పనికిరాదట. మెట్టకూరు వైపు రోడ్డు మీద ముందు నేనొక్కదాన్నే, తర్వాత ఇద్దరం వెళ్ళి వచ్చాం. ఎడమ మలుపు దగ్గర బాగా నెమ్మదించి తిప్పాను. చక్రం లేవలేదు, హ్యాండిలు లాగలేదు. టైర్లు, వెల్డింగు, పని కలిపి మూడు వేల నూట యాభై అయింది. నాలుగున్నరకి బయల్దేరేటప్పుడు అత్తయ్యగారు ఆటో ఎక్కలేదు. వంతెన మీద మేం ముందు, ఖాళీ ట్రాలీతో సత్తిబాబు వెనక. దారి పొడవునా ఆవిడ నా చెవి దగ్గర మాట్లాడుతూనే ఉన్నారు. అయిదు నెలల కబుర్లు ముప్పై కిలోమీటర్లలో అయ్యేవి కావు.

పిల్లలకి లెక్క ఇచ్చినప్పుడు ముందు ఇచ్చిన విలువలన్నీ రాసుకోమని రోజూ చెబుతాను. నా బండి లెక్కలో నన్నే రాసుకోలేదు. అంతకంటే పెద్ద తప్పు ఆవిడ విషయంలో చేశాను. నన్ను నమ్మడం లేదని నేను మూతి ముడుచుకుని తిరుగుతుంటే, ఆవిడ నా కోసం కడుపు మాడ్చుకున్నారు. ఇలాంటి బండి సరిచేయించుకోవడానికి మీరూ వెళితే ఒకటే సలహా. వెనక కూర్చునే మనిషిని కూడా వెంట తీసుకువెళ్ళి, ఇద్దరూ ఎక్కి కూర్చున్నాకే కొలత తీయించండి. వాళ్ళు ఎక్కనంటే ఎందుకు ఎక్కనంటున్నారో ఇంటి దగ్గరే అడగండి. నేను అయిదు నెలలు అడగలేదు.