సాయిలు విప్పని బూట్లు

అబిడ్స్‌లో చెప్పుల దుకాణంలోకి అడుగుపెడితే కొత్త తోలు వాసన గుప్పున కొడుతుంది. ఆ వాసనకు నాకిప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మొన్న దుకాణదారు నా నడక చూసి, పటాలంలో చేశారా తాతా, యుద్ధానికి మీ అంతట మీరే పోయారా అని మెచ్చుకోలుగా అడిగాడు. మా అంతట మేమట! నిజాం సర్కారు యుద్ధానికి మనుషుల్ని ఇమ్మంటే, వెట్టికి కట్టెలు మోయ పిలిచినట్టే మా ఊరి దొర ఆరు పేర్లు చెప్పాడు. అందులో నాదొకటి. మా అయ్య చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఇష్టపడి వచ్చానని రాసిన కాగితం మీద నా వేలిముద్ర కూడా వేయించుకున్నారు.

నాంపల్లి స్టేషన్‌కు అవతల మా శిబిరం. నా పక్క మంచం సాయిలుది. అతనిదీ నా కథే, ఊరు వేరు, దొర వేరు. నాకంటే మూడేళ్లు పెద్ద కాబట్టి అన్నా అనేవాణ్ని. పంతొమ్మిదేళ్లకు మొదటిసారి కాళ్లకు బూట్లు తొడిగి, నడక రాక అందరిముందూ బోర్లా పడ్డాను. నవ్వనివాడు సాయిలొక్కడే. మడమకు గుడ్డపీలిక చుట్టుకోవడం, లేసులు కట్టుకోవడం, ఎదుటివాడి మొహం చూసి మాట్లాడడం, అన్నీ అతనే నేర్పాడు. నేను తల దించి జవాబు చెబితే గడ్డం పట్టి పైకెత్తేవాడు. ఒక్కోసారి నాకు చిరాకేసేది.

ఒక ఆదివారం సెలవు చీటీ తీసుకుని ఇద్దరం అబిడ్స్ వెళ్లాం. బట్టల దుకాణం ముందు మోటారు ఆగి మా దొర దిగాడు. మా ఊళ్లో దొర ఎదురైతే చెప్పులు విప్పి చేతపట్టుకోవాలి. చెప్పులే ఎరగని నేను ఆ పద్ధతి మాత్రం ఎరుగుదును. ఎవరూ చెప్పకుండానే నడిబజార్లో కూలబడి, బూట్లు విప్పి, చంకన పెట్టుకుని వంగి నిలబడ్డాను. దొరకు అది చాలలేదు. వీడెందుకు విప్పలేదని సాయిలును చూపించాడు.

"ఇవి సర్కారు బూట్లు, దొరా. సర్కారు ఇడువుమంటే ఇడుస్తా," అన్నాడు సాయిలు, గొంతు పెంచకుండా.

అంతే. ఒక్క తిట్టు లేదు.

మర్నాడు సుబేదారుకు ఫిర్యాదు వచ్చింది, సాయిలు దొరను బూతులు తిట్టాడని. సాక్షిని నేను. నిజం చెబితే ఊళ్లో మా అయ్య ఒంటిమీద తోలు మిగలదు.

"ఔ సాబ్, తిట్టిండు," అన్నాను. సాయిలు ఎదురుగానే ఉన్నాడు.

బూట్లు అతని మెడకు వేలాడదీసి, మిట్టమధ్యాహ్నం ఎండలో, కాలిన కంకర మీద వట్టి కాళ్లతో పరుగెత్తించారు. ఏం న్యాయమండీ ఇది? యుద్ధానికి మా కాళ్లు కావాలి, ఆ కాళ్లకు పరువు మాత్రం ఉండకూడదు! సాయంత్రం బొబ్బలకు ఆముదం రాస్తుంటే తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీ అయ్య కోసం అన్నవ్, నాకెరుకే. గని గా మాట జర నా మొహం చూసి చెప్పు," అన్నాడు.

తల ఎత్తలేకపోయాను. ఈసారి అతను నా గడ్డం పట్టుకోలేదు.

వారానికే అతని దళాన్ని నాంపల్లిలో రైలెక్కించారు. యుద్ధం అయ్యాక నేను ఊరికి వెళ్లి, దొర ఉండే గడీ ముందు బూట్లతోనే నడిచాను. విప్పలేదు. ఊరంతా భేష్ అంది. ఏం భేష్, నా మొహం! అప్పటికి అయ్య పోయాడు, నాకిక పోయేదేమీ లేదు.

మళ్లీ పట్నం వచ్చి పటాలం కాగితాలుండే దఫ్తరుకు వెళ్లాను. సాయిలు తిట్టలేదు, నా సాక్ష్యం అబద్ధం, దిద్ది రాయండి అన్నాను. గుమాస్తా కాగితాలు తిరగేసి, ఆ మనిషి యుద్ధంలోనే చనిపోయాడు, ఇప్పుడు దిద్దితే ఎవరికి లాభం అని కట్ట మూసేశాడు. సాయిలు పోయాడని నాకు తెలిసింది అలాగే. ఆ కట్టలో అతనిప్పటికీ నోటి దురుసు సిపాయే. అందుకే అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాను. సాయిలు తిట్టలేదు. అబద్ధమాడింది నేను.