నా రెండు నడకలు

ఆ రోజుల్లో నాకు రెండు నడకలుండేవి. ఒకటి ఇంట్లోది, రెండోది వీధిలోది. చిన్నప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ ఎడమకాలి బలాన్ని పట్టుకుపోయింది కాబట్టి ఇంట్లో కుంటుతూ తిరిగేదాన్ని. గడప దాటితే మాత్రం మడమ ఎత్తి, మునివేళ్ల మీద బరువు వేసి, నడుము బిగించి, ఏ లోపమూ లేనిదానిలా నడిచేదాన్ని. ఈ విద్య అమ్మే నేర్పింది. ఖాజాగూడ సందుల్లో ముందు నేను, వెనక ఆమె. "సక్కగ నడువు బిడ్డా, నలుగురు సూస్తున్నరు" అనేది. (ఆ నలుగురికీ వేరే పనీపాటా ఉండేది కాదేమో.) ఇంటికొచ్చాక తొడ నొప్పికి నూనె రాసేదీ ఆమే.

ఆ రెండో నడకతోనే గచ్చిబౌలిలో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో ఉద్యోగం సంపాదించాను. నెల తిరక్కుండానే, ఎవరో పెద్ద క్లయింటు వచ్చిన రోజున, పొద్దుటి నుంచి నిలబడీ నిలబడీ కాలు మొండికేసింది. పూలగుత్తి పట్టుకుని అందరి ముందూ కుంటుకుంటూ వెళ్లాను. మర్నాడు మేనేజరు ఎంతో మర్యాదగా, "మీ ఆరోగ్యం మాకు ముఖ్యమండి. ఇంట్లో రెస్ట్ తీసుకోండి" అన్నాడు. నా ఆరోగ్యం మీద అంత ప్రేమ మళ్లీ ఎవరూ చూపించలేదు. అక్కడే ఇంకో ఆఫీసు టవర్‌లో అంతస్తులు తుడిచే అమ్మకు అప్పటికే నడుము పట్టేస్తోంది, ఆ పని మానేయమని డాక్టరు చెప్పాడు. ఆమె మానాలంటే నాకు వికలాంగుల పింఛను రావాలి.

పింఛను రావాలంటే సదరం క్యాంపులో డాక్టర్లు చూసి కనీసం నలభై శాతం వైకల్యం ఉందని తేల్చాలి. మీసేవలో స్లాటు తీసుకున్నాం. పక్క గదిలో ఉండే సెక్యూరిటీ మామ విరిగిన తన చేతితో ఆ పరీక్ష ఎప్పుడో నెగ్గాడు కాబట్టి మాకు గురువయ్యాడు. ప్లాస్టిక్ కుర్చీలో డాక్టరులా కూర్చుని రిహార్సల్ పెట్టించాడు. "గిట్ల గాదు బిడ్డా. ఇది ఇంటర్వ్యూకు ఉల్టా. ఆడ ఏమేం చేస్తవో చెప్పాలె, ఈడ ఏం చెయ్యలేవో చూపియ్యాలె. ఇంట్ల నడిచినట్టే నడువు, ఫికర్ లేదు" అన్నాడు. అమ్మకూ పాఠం చెప్పాడు. "అక్కా, ఏమడిగినా చాతగాదు సారూ అను. ఇగ నోరు తెరవకు." అమ్మ రాత్రి వంట చేస్తూ కూడా "చాతగాదు సారూ, చాతగాదు సారూ" అని వల్లించింది.

క్యాంపు రోజు దవాఖాన వరండాలో బెంచీ మీద మా పక్కన కూర్చున్నామె నా కాలి వంక చూసి అమ్మతో, "అయ్యో, గింత సక్కని పిల్లకు గిట్లాయెనా? పెండ్లెట్లయితదమ్మా?" అంది. అమ్మ మొహం మాడిపోయింది. సరిగ్గా అప్పుడే నా పేరు పిలిచారు. డాక్టరు టేపుతో కాలు కొలిచి, నొక్కి చూసి, "కొంచెం నడిచి చూపించమ్మా" అన్నాడు. తలుపు తెరిచే ఉంది. వరండా అంతా మెడలు చాచి చూస్తోంది. కుంటుదామనే అనుకున్నాను. కాలు వినలేదు. మడమ లేచింది, నడుము బిగిసింది, గోడదాకా వెళ్లి తిరిగొచ్చాను. ఇంటర్వ్యూలో కూడా అంత బాగా నడవలేదు.

"తన పనులు తను చేసుకుంటుందా అమ్మా? మెట్లెక్కగలదా?" అని డాక్టరు అమ్మను అడిగాడు. అమ్మ తలుపు వైపు చూసింది. ఆ బెంచీ ఆమె ఇటే చూస్తోంది.

"ఏంది సారూ గట్లంటరు? నా బిడ్డకు చాతగానిదేముంది? బిందె సంకల పెట్టుకొని మూడంతస్తులెక్కుతది. పది మందికి వండి పెడ్తది!"

(ఆ బిందె సంగతి నేనూ అప్పుడే విన్నాను. మేముండేది కింది గదిలో.)

డాక్టరు "సంతోషం అమ్మా" అని రాసుకున్నాడు. నలభైకి తక్కువే వచ్చింది. అలా నేను ఉద్యోగానికి ఎక్కువ కుంటిదాన్ని, పింఛనుకు తక్కువ కుంటిదాన్ని అయ్యాను. రెండు చోట్లా నా నడకే చూశారు గానీ, ఆ నడక ఎంత నొప్పిస్తుందని ఒక్కరూ అడగలేదు. ఆ మంట నాకు ఇప్పటికీ చల్లారలేదు.

బయటికొచ్చాక "నోరాగలే బిడ్డా" అంది అమ్మ, తల దించుకుని. నాకు ఇక ఓపిక లేదు, బస్‌స్టాపు దాకా బాహాటంగా కుంటుతూ నడిచాను. అమ్మ వెనకే వచ్చింది. తర్వాత దగ్గరికి జరిగి, మెల్లగా, "జర సక్కగ నడువు, సూస్తున్నరు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. మర్నాడు పొద్దున్నే అమ్మ నడుము పట్టుకుని, వంగిపోయి, పనికి బయల్దేరింది. సందు మలుపులో ఎవరో ఎదురుపడగానే నిటారుగా నిలబడి నడిచింది.

ఇప్పుడు అమ్మ లేదు. నాకు ఒక్కటే నడక మిగిలింది, ఇంట్లోది. ఎక్కడికైనా దానితోనే వెళ్తాను. అయినా వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే మడమ దానంతటదే లేస్తుంది. "ఇగ చాలు బిడ్డా" అని దానికి నేనే చెప్పి, నవ్వుకుని, కుంటుకుంటూ పోతాను.